చప్పిడి మల్లయ్యకి ఉప్పు మోసిన కబుర్లు

1వ కబురు. మొదటి రోజు పొద్దున, మడులపాలెం గట్టు

అంకమ్మక్కా, నేను నీ తమ్ముడు కొండల్ని. కబుర్ల పిట్ట వచ్చి భుజం మీద కూర్చుంది. రెక్కలు టపటపలాడిస్తా తొందర పెడతంది. పొద్దున ఒకసారి, సందేళ ఒకసారి వస్తదంట. అడివి దారిలో ఇంకే యంత్రాన్నీ రానీయరు గదా.

నువ్వు అడిగినట్టే అన్నీ రాస్తా. వచ్చే ఏడు మోసేది నువ్వే గనక నీకు పనికొచ్చేవే రాస్తా. కాలు ఎట్టుంది? తనంతట తనే కదిలిపోయే జారుబాట మీద నిలబడి నిద్రపోమాక అని అమ్మ లక్షసార్లు చెప్పింది. పడింది నువ్వు, ఇరుక్కుంది నేను.

ఊళ్లో అందరూ నన్నే ఎందుకు పంపారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. "ఈ ఊళ్లో ఆగకుండా రెండు మైళ్లు నడిచినోడు ఎవుడన్నా ఉన్నాడా" అని పెద్దోళ్లు అడిగితే అందరి తలకాయలూ నా వంక తిరిగినయ్. నేను నడిచేది భక్తితో కాదక్కా. జారుబాట ఎక్కితే పక్కన ఎవురో ఒకరు నిలబడతారు. నిలబడినోళ్లు ఊరుకోరు, "ఎవురబ్బాయివి" అంటారు. దానికి సమాధానం చెప్పేదానికన్నా మూడు మైళ్లు నడవటం సులువు. అట్టా అట్టా నా అరికాళ్లు కాయలు కట్టినయ్. ఇప్పుడదే నా గొప్ప.

మనోళ్లు ఐదుగురం. సింగయ్య మామ పెద్ద. ఉప్పు మళ్లకీ పెద్దే, నోరూ పెద్దే. రవణమ్మవ్వకి డెబ్బై ఆరేళ్లు, నాలుగు పళ్లు. జారుబాటలు రాకముందు పుట్టిన మనిషి గనక నడక ఇంకా గుర్తుంది. తులశమ్మ పిన్ని, ఆమె వెనక ఆమె మాటలు. నీళ్లు మోసేదానికి బాజీ అన్న. అందరి కాళ్లకీ కడియాలు వేశారు. ఏదన్నా ఎక్కితే ఎర్రగా వెలుగుద్దంట.

కావడిలో ముందు బుట్ట పది కిలోలు, వెనక బుట్ట పది కిలోలు. ఊరి రాయితో తూచి కట్టారు. నేల మీద పెట్టకూడదు. దారిలో ఇంకే ఉప్పు గల్లూ మన దగ్గర ఉండకూడదు, కలుపుతామని. తొమ్మిదో రోజు మిట్టమధ్యాన్నం లోపల కొండమీద మల్లయ్య గుడి తక్కెడలో రాయికి తూగాలి. తూగితే దేవుడికి మొదటి ఉప్పు ఇచ్చే హక్కు మనది. హక్కు ఉన్నంతకాలం కొత్తగా కట్టే సముద్రపు గోడ మన మళ్లకి అవతల నుంచి పోద్ది. హక్కు పోతే మళ్ల మీద నుంచే పోద్ది. పక్కూరు కొత్తగట్టోళ్లు కూడా కావడి కట్టుకొని మన వెనకే వస్తుండారు. మనం తప్పితే హక్కు వాళ్లది. వాళ్ల ఉప్పు యంత్రంలో పుట్టింది, గోడొచ్చినా వాళ్లకేం కాదు.

ఇదంతా తెలుసు. తెలియంది ఇందాక చెప్పాడు సింగయ్య మామ. తక్కెడ దగ్గర కావడి మోసినోడే వెయ్యిమంది ముందర గట్టిగా మూడు మాటలు చెప్పాలంట. "కావడి నేల తాకలేదు. ఎవురూ బండెక్కలేదు. ఉప్పు తరగలేదు." ముందే చెప్పుంటే నేనే జారుబాట మీంచి దూకి కాలు విరగ్గొట్టుకునేవాణ్ణి.


2వ కబురు. మొదటి రోజు సందేళ

పన్నెండు మైళ్లు.

పొలిమేర దాకా జారుబాట ఎక్కినా తప్పులేదంట, అక్కడ అది అయిపోయి మట్టిదారి మొదలైంది. యాభై గజాలు పోయి వెనక్కి చూస్తే సింగయ్య మామ మట్టిదారి మొదట్లోనే నిలబడుండాడు, చేతులు కట్టుకొని.

"ఏంరా సింగా, రావా?" అని కేకేసింది అవ్వ.

"ఇది కదలట్లేదేందే?"

"అది కదలదురా. నువ్వు కదలాల."

పాపం మామ చుట్టూ చూశాడు. ఎవురన్నా నవ్వుతుండారేమో అని. నేను నేల వంక చూశా. నాకు అలవాటే గదా.

రాసుకో. కొత్త చెప్పులు వద్దు. తులశమ్మ పిన్ని ఎర్రరాళ్లు పొదిగినవి కొనుక్కొచ్చింది. నాలుగో మైలుకి వాటిని చేత్తో పట్టుకొని నడిచింది. ఆరో మైలుకి బాజీ అన్న చేత్తో పట్టుకొని నడిచాడు.

తెల్లారకముందే బయల్దేరాల. ఎండెక్కినాక ఒక మైలు అంటే రెండు మైళ్లు. అందరికన్నా నిదానంగా నడిచేవాళ్లని ముందు పెట్టుకోవాల. నేను వాళ్లని వెనక పెట్టా. తిరిగి చూసేసరికి వాళ్లు లేరు. మళ్లీ వెనక్కి పోయి తెచ్చుకున్నా. అట్టా నేను పన్నెండు కాదు, పదిహేను నడిచా.

మజిలీలో ఆరోగ్య వంటిల్లు ఉంది. పళ్లెం మీద అరచెయ్యి పెడితే నాడి చూసి వడ్డిస్తది. సింగయ్య మామ చెయ్యి పెట్టాడు. "మీకు ఉప్పు, సున్నా" అంది. పిన్ని పెట్టింది. సున్నా. బాజీ అన్న తుడుచుకొని మళ్లీ పెట్టాడు. సున్నా. దారి పొడుగూతా ఇట్టాంటి వంటిళ్లేనంట.

మన ఊళ్లో పెరుగన్నంలో కూడా గల్లు నంజుకునే మనుషులక్కా వీళ్లు. పప్పు నోట్లో పెట్టుకొని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఎవురో పోయినట్టు ఉన్నింది.


3వ కబురు. రెండో రోజు సందేళ

బొబ్బలొచ్చినయ్. నాకు కాదు, మిగతా అందరికీ.

బొబ్బని చిదమమాక. అవ్వ సూదిని మంటలో కాల్చి, దారం ఎక్కించి, బొబ్బ ఈ పక్కనుంచి ఆ పక్కకి లాగి దారాన్ని అట్టే వదిలేసింది. నీళ్లు దారం వెంట కారిపోతయ్, తోలు నిలుస్తది. పడుకోబోయేముందు వేళ్ల సందుల్లో ఆముదం. బాజీ అన్నకి బొబ్బలు కాదు, ఇంకోచోట ఒరుసుకుంది. యాడో నేను రాయను. అక్కడికి కొబ్బరినూనె పొద్దున్నే, నడవకముందే పూసుకోవాల. ఒరుసుకున్నాక పూసుకుంటే ఎట్టుంటదో బాజీ అన్న అరుపు విని అందరం తెలుసుకున్నాం.

దీక్ష గుడ్డలు కొండ ఎక్కేదాకా ఉతకకూడదంట. ఈ సంగతి కూడా ముందు చెప్పలా. రెండు రోజులకే నా చొక్కా నాకన్నా ముందు నడుస్తంది.

ఇంకో సంగతి. ఇది నీకొక్కదానికే. దారి పక్కన అడివి మామిడి. కొమ్మ చేతికందుతుంది. కాయ కోసి కొరికితే పళ్లు జివ్వుమన్నయ్. చేతిలో కాయ, పక్కన మజిలీ కొయ్యకి తగిలించిన కావడి, చుట్టుపక్కల ఎవురూ లేరు. ఒక్క చిటికె అక్కా. ఒక్కటే. ఎవురికీ చెప్పమాక.


4వ కబురు. మూడో రోజు సందేళ

నీ కబురు అందింది. "చిటికెకి దేవుడేమీ అనడు, వచ్చేటప్పుడు నాకో కాయ తీసుకురా" అన్నావు. మనసు తేలికైంది. బుట్ట కూడా తేలికైంది, అదే చెప్తుండా.

కావడి బద్ద భుజం మీద ఎక్కడ నిలుస్తదో మొదటిరోజే కత్తితో గంటు పెట్టుకున్నా. నువ్వూ పెట్టుకో, భుజం మార్చుకునేటప్పుడు వెతుక్కోనక్కర్లా. ఇయ్యాల గంటు దగ్గర పెడితే ముందు బుట్ట వాలిపోతంది. బద్దని అర వేలెడు వెనక్కి జరిపితే గానీ నిలవలా. అంటే వెనక బుట్టలో బరువు తగ్గింది. నా ఒక్క చిటికెకి అంత తేడా రాదు గదా?

మధ్యాన్నం దొంగ దొరికింది. మజిలీలో కొయ్యకి తగిలించి కాళ్లు కడుక్కొని వస్తే దుప్పి ఒకటి వెనక బుట్టని నాకుతా ఉంది. కళ్లు మూసుకొని మరీ. తోలేశాం. సింగయ్య మామకి ఎంత సంతోషమో. "చూశారా! దుప్పే! దుప్పే తింటంది!" అని నాలుగుసార్లు అన్నాడు. పిన్ని కూడా "దుప్పే, దుప్పే" అంది. బాజీ అన్న కూడా. ఒక్క అవ్వే ఏం అనకుండా పళ్లు తోముకుంటా ఉంది.

ఇంకనుంచి కావడి దగ్గర ఎప్పుడూ ఒకరు కాపలా ఉండాలని తీర్మానం చేశారు. వంతులవారీగా. అందరూ పోటీపడి ఒప్పుకున్నారు. ఎంత మంచోళ్లో.


5వ కబురు. నాలుగో రోజు సందేళ

పులి కనపడింది. భయపడమాక, కబురు పంపుతుండానంటే బతికే ఉండా.

ఇక్కడ పులులకి మెడపట్టీలుంటయ్. పులి దగ్గరికొస్తే పట్టీయే మాట్లాడుద్ది, ఆడమనిషి గొంతుతో, చాలా మర్యాదగా. "నమస్కారం. ఇరవై మూడో నంబరు పులి మీకు వంద గజాల దూరంలో ఉంది. దయచేసి పరిగెత్తకండి." పరిగెత్తకండి అని వినపడకముందే బాజీ అన్న చెట్టెక్కాడు. కడియం ఎర్రగా వెలుగుద్దేమో అని పిన్ని ఏడుపు. వెలగలా. చెట్టు బండి కాదంట.

"యాభై గజాలు." "ఇరవై గజాలు. ప్రశాంతంగా ఉండండి." పొదల్లోంచి వచ్చింది అక్కా. ఎంత పెద్ద తల. నేను కావడి కింద పెట్టకూడదు, పరిగెత్తకూడదు, అరవటం నాకు ముందే రాదు. అట్టే నిలబడ్డా. అది నా వంక చూసి ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. మూతి చిట్లించి తుమ్మింది. వెనక్కి తిరిగి పోయింది.

"ఇరవై మూడో నంబరు పులి వెనక్కి వెళ్తోంది. కారణం తెలియలేదు."

మాకు తెలిసింది. నాలుగు రోజుల ఉతకని గుడ్డలు. అవ్వయితే "మల్లయ్య మహిమ" అంది. సింగయ్య మామ చొక్కా మహిమ అని నాకు అనిపించింది, పైకి అనలా.

బద్దని ఇంకో పావు వేలెడు జరిపా. కాపలా పెట్టినాక కూడా.


6వ కబురు. ఐదో రోజు పొద్దున

ఎక్కువ రాయను. దిగుడు దారిలో కాలిగోళ్లు పొట్టిగా ఉండాల. నాకు లేవు. ఒకటి నల్లబడింది. నీళ్లు ఒకేసారి తాగమాక, గుక్క గుక్క తాగు. కూర్చుంటే పది నిమిషాలకి లే, అంతకన్నా కూర్చుంటే మోకాళ్లు ఇంటికి పోదామంటయ్.

గంటుకీ భుజానికీ మధ్య వేలెడు దూరం. నాకు నిద్ర సరిగ్గా పట్టలా. "ఉప్పు తరగలేదు" అని వెయ్యిమంది ముందర చెప్పాల. నిజం చెప్పేదానికే నోరు రాదు నాకు. అబద్ధం ఎట్టా చెప్పాల?


7వ కబురు. ఆరో రోజు సందేళ

దొంగలు దొరికారు.

నేను ఒంటికి పోవాలంటే చాలా దూరం పోతా గదా, ఎవురన్నా చూస్తారని. ఇంటి దగ్గర కూడా అంతే. అమ్మ "వీడు వచ్చేలోపు అన్నం ఉడుకుద్ది" అంటది. ఇయ్యాల నేను పోయిన చోట తేనెపట్టు ఉంది. మధ్యలోనే వెనక్కొచ్చేశా. బండ వెనక నుంచి చూస్తే కావడి దగ్గర పిన్ని కాపలా.

పిన్ని అటూ ఇటూ చూసి వెనక బుట్ట గుడ్డ ఎత్తింది. చిటికె తీసి చెంగు కొసకి ముడేసుకుంది. తర్వాత దగ్గింది. ఆ దగ్గుకి బాజీ అన్న వచ్చి "నువ్వు పోక్కా, నేను చూస్తాలే" అన్నాడు. పిన్ని పోయింది. బాజీ అన్న ఉప్పు తీసి అరచేతిలో ఉన్న దోసకాయ ముక్క మీద చల్లుకున్నాడు. ఆయన దగ్గాడు. సింగయ్య మామ వచ్చాడు. జేబులోంచి ఉడకబెట్టిన గుడ్డు తీశాడు.

అప్పటికి నాకు తెలిసింది, ఆరు రోజుల నుంచీ నేను ఒంటికి పోయినప్పుడల్లా ఇదే తంతు. రోజుకి ఐదారుసార్లు పోతా. సిగ్గుపడి ఎంత దూరం పోతే అంత ఉప్పు పోయింది. వెనక బుట్టే ఎందుకంటే నేను మోసేటప్పుడు అది నాకు కనపడదు గనక.

బయటికి రాబోయా. రాలేకపోయా. మామ గుడ్డు తింటుంటే ఏమని పిలవాల? ఇంకోటి, నా మామిడికాయ. బండ వెనకే కూర్చున్నా, ఆయన తినేదాకా.

కానీ అవ్వ ఊరుకోలా. సందేళ కావడి తగిలించగానే రెండు బుట్టల్లోనూ చెయ్యి పెట్టి చూసింది. అరవై ఏళ్లు మళ్లలో ఉప్పు గుంజిన చెయ్యి అది.

"రెండు గుప్పిళ్లు పోయింది" అంది.

"దుప్పి" అన్నాడు సింగయ్య మామ.

అవ్వ వెనక బుట్టలోంచి ఏదో తీసి మామ ముందర పెట్టింది. గుడ్డు పెంకు. "దుప్పి గుడ్డు కూడా పెట్టిందా రా సింగా?"

అప్పుడు ఒక్కొక్కరే. బాజీ అన్న "రోజుకి రెండు చిటికెలే అవ్వా, అల్లా తోడు." పిన్ని ఏడుస్తా చెంగు ముళ్లు విప్పింది. అన్నీ ఖాళీ. "నేనొక్కదాన్నే గదా, ఇంత బుట్టలో ఏం తెలుస్తదిలే అనుకున్నా." మామ తలకాయ వంచి "నేనూ అదే అనుకున్నా" అన్నాడు. అందరూ అదే అనుకున్నారు.

"నువ్వో?" అని పిన్ని అవ్వని అడిగింది, ముక్కు చీదుకుంటా.

అవ్వ పెంకు తీసి అవతల పారేసింది. "పళ్లు తోముకునేదానికి" అంది.

"ఉండే నాలుగు పళ్లకి రోజుకి రెండు పూటలా?"

"నాలుగే గదా అని జాగర్తగా చూసుకుంటుండా."

అందరూ నా వంక చూశారు. నేను నేల వంక చూశా. వాళ్లు "పాపం పిల్లోడు" అనుకున్నారు. నేను చెప్పలా అక్కా. నోట్లో దాకా వచ్చింది, చెప్పలా.

వెనక్కి పోయి తెచ్చేదానికి ఆరు రోజులు. దారిలో ఉప్పు ఊరికే అమ్మరు, డాక్టరు చీటీ కావాల. ఉన్నా కలపకూడదు. మన మళ్లు పోయినట్టే. సింగయ్య మామ ఏడవటం నేను ఇప్పుడే చూడటం.


8వ కబురు. ఏడో రోజు పొద్దున

కొండ పద్దెనిమిది మైళ్లే ఉంది, కానీ మేం ఇయ్యాల నడవటం లేదు. పిచ్చి పట్టలా. చెప్తా.

పొద్దున వాగు దగ్గర మామ చొక్కా విప్పి బండ మీద ఆరేశాడు. అవ్వ దాని వంక చూస్తా నిలబడిపోయింది. వీపు భాగమంతా తెల్లటి గీతలు, గట్లు గట్లుగా. చంకల దగ్గర పొరలు.

"ఏంరా సింగా, నీ వీపు మీద మడి పండింది" అంది. వేలితో గీరి నాలిక మీద పెట్టుకుంది. ఉమ్మేస్తదనుకున్నా. ఉమ్మలా. ఇంకోసారి గీరింది.

"మనం తిన్నది యాడికి పోయింది?" అంది. చొక్కా ఎత్తి మాకు చూపించింది. "యాడికీ పోలా. మన మీదే ఉంది."

పిన్ని గుండెలు బాదుకుంది. "చెమట గదా అవ్వా! దేవుడికి మైల గదా!"

"మన మళ్లలో ఎవురి చెమటా పడకుండా ఏ ఏడాది ఉప్పు పండింది, చెప్పు? అప్పుడు రాని మైల ఇప్పుడొచ్చిందా?"

"దీక్ష గుడ్డలు ఉతకకూడదు గదా?"

"ఉతకటం కాదే. పండించటం."

ఆ మాటకి మామ లేచాడు. ఏడు రోజుల్లో ఆయన అంత చురుగ్గా లేవటం చూళ్లా. అందరి చొక్కాలు, బనియన్లు, తలగుడ్డలు, తువ్వాళ్లు, పిన్ని రవికలు, అవ్వ కోక. ఒక్కొక్కటీ రెండు చెంబుల నీళ్లలోనే ముంచి పిండాడు, అదే నీళ్లలో రెండోది, అదే నీళ్లలో మూడోది. నీళ్లు ఎక్కువైతే ఎండదు గదా. బాజీ అన్న లుంగీ ముంచేటప్పుడు మాత్రం అందరూ మొహం పక్కకి తిప్పుకున్నారు. నీళ్లు ఏ రంగులో ఉన్నయ్యో రాయను. ఆ నీళ్లని మూడుసార్లు ఇసకలో, ఒకసారి కొత్త గుడ్డలో వడగట్టారు. నల్లబండ మీద లోతు లేని గుంట చూసి పోశారు. చుట్టూ మట్టితో వేలెడు గట్టు. అచ్చం మన మడే, పళ్లెమంత.

ఇప్పుడు ఐదుగురం ఒంటి మీద అరకొర గుడ్డలతో దాని చుట్టూ కూర్చొని ఎండ వంక చూస్తుండాం. ఇందాక కొత్తగట్టోళ్లు దాటుకొని పోయారు. వాళ్ల పెద్ద "ఏం సింగయ్యా, పిక్నిక్కా?" అన్నాడు. మామ తువ్వాలు సర్దుకుంటా "అవును" అన్నాడు.


9వ కబురు. ఏడో రోజు సందేళ

పండింది అక్కా!

మధ్యాన్నం అంచుల్లో తెల్లగా పొర కట్టింది. మామ అరచేత్తో నీటిని తాకి "ఇంకో గంట" అన్నాడు, మన మళ్ల దగ్గర అన్నట్టే. పైకి తేలిన మురికిని అవ్వ ఆకుతో తీసేసింది. మూడింటికి గుంజారు. గుప్పెడుకి కొంచెం ఎక్కువ. పూర్తి తెలుపు కాదు. మబ్బు రంగు.

రెండు గుప్పిళ్లకి గుప్పెడే వచ్చింది. ఇంకో గుప్పెడు లోటు. మామ దాన్ని వెనక బుట్టలో పైన చల్లి గుడ్డ కట్టాడు. "చేయగలిగింది చేశాం" అన్నాడు. బద్ద గంటు దగ్గరికి సగం దూరం వెనక్కొచ్చింది. సగం.

రాత్రి వంటింట్లో చప్పిడి పప్పు. అందరూ మెతుకు వదలకుండా తిన్నారు.


10వ కబురు. ఎనిమిదో రోజు సందేళ

పద్నాలుగు మైళ్లు, అన్నీ ఎక్కుళ్లే. ఎక్కేటప్పుడు చిన్న చిన్న అడుగులు వెయ్యి, పైకి చూడమాక, ముందున్నోళ్ల మడమల వంక చూడు. అవ్వ ముందు నడిచింది, ఆమె మడమలు చూస్తా ఎక్కేశాం. రేపు నాలుగు మైళ్లు.

మూడు మాటలు నాలో నేను చెప్పుకుంటుండా. మూడోది దగ్గరికొచ్చేసరికి మళ్లీ మొదటిదానికి పోతుండా. కొండమీదికి పిట్టని రానీయరు. దిగినాక రాస్తా.


11వ కబురు. పదో రోజు పొద్దున, దిగుడు దారి

ముందు మెల్లగా చదువు. ఎగరమాక, కాలు.

పదకొండింటికి చేరాం. వెయ్యిమంది కాదక్కా, ఎక్కువ. తక్కెడ దగ్గర చెంచు ఈదమ్మ కూర్చొనుంది. తూచే హక్కు ఎప్పటినుంచో చెంచోళ్లదే. ఆమె ముప్పై ఏళ్లుగా తూస్తందంట. ఒక తట్టలో మల్లయ్య రాయి. రెండో తట్టలో మన రెండు బుట్టలూ. నా చేతుల్లోంచే తీసి పెట్టింది. నేను కళ్లు మూసుకున్నా.

జనం "హా" అన్నారు. కళ్లు తెరిస్తే మన తట్ట కిందికి దిగుంది. రాయి పైకి లేచుంది.

ఎక్కువ!

సింగయ్య మామ నోరు తెరుచుకొని ఉండిపోయాడు. ఈదమ్మ రాయి వంక, ఉప్పు వంక చూసి నవ్వింది. "ముప్పై ఏళ్లల్లో ఇదే మొదలు" అంది. "మా తాతలు ఈ రాయిని మీ ఊరి రాయికన్నా రెండు గుప్పిళ్లు తక్కువగా చెక్కారయ్యా. సముద్రం నుంచి ఉప్పు మోసేవాళ్లు దారిలో నంజుకోకుండా ఉంటారా? ఏటా సరిగ్గా తూగుద్ది. మీరేంది, ఈసారి తినలేదా?"

అక్కా, మేం ఏమీ చేయకుండా ఉంటే సరిగ్గా తూగేది! ఒక రోజంతా గుడ్డల్లేకుండా ఎండలో కూర్చున్నాం!

నవ్వబోయేలోపు కొత్తగట్టు పెద్ద ముందుకొచ్చాడు. "తినకుండా ఉండరని నువ్వే అంటివి. మరి ఎక్కువ ఎట్టా వచ్చింది? దారిలో వేరే ఉప్పు కలిపారు. పైన చూడండి, రంగే వేరు!" నిజమే, మబ్బు రంగు. జనం గొణుగుడు. ఈదమ్మ నవ్వు ఆగిపోయింది. కలిపితే హక్కు పోయినట్టే. "కావడి మోసింది ఎవురు? వాడే చెప్పాల" అంది.

మామ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. అందరూ నా వంక చూశారు. పారిపోయేదానికి దారి కూడా చూసుకున్నా, ఎడమ పక్కన కొబ్బరికాయల కొట్టు సందులోంచి. మన మళ్లు గుర్తొచ్చినయ్. బండ మీద పళ్లెమంత మడి గుర్తొచ్చింది.

"కావడి నేల తాకలేదు" అన్నా. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎవురూ బండెక్కలేదు." తర్వాత మూడోది రావాల. రాలా. వేరేది వచ్చింది.

"ఉప్పు తిన్నాం. అందరం తిన్నాం. నేను కూడా, మామిడికాయలో. భయమేసి మా గుడ్డల్లో చెమట పిండి, బండ మీద ఎండబెట్టి, మళ్లీ పోశాం. అది మా ఉప్పే."

వెనక నుంచి పిన్ని గొంతు, "నువ్వు కూడానా రా!"

ఈదమ్మ పైనున్న మబ్బు రంగు ఉప్పు చిటికె తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. కొత్తగట్టు పెద్ద ఇంకా దగ్గరికొచ్చి చూస్తుండాడు. "సముద్రం ఉప్పే" అంది. "మనిషిలో పోయొచ్చింది, అంతే తేడా. కొంచెం చేదు." సింగయ్య మామ వంక చూసి, "ఈ పెద్దమనిషిది ఎక్కువున్నట్టుంది."

అప్పుడు నవ్వారు అక్కా జనం. పులి పట్టీ వినపడినా పరిగెత్తేవాళ్లు కాదు, అంత నవ్వు. కొత్తగట్టు పెద్ద కూడా ఆపుకోలేక పక్కకి తిరిగాడు. హక్కు మనదే. గోడ మళ్ల అవతల నుంచే పోద్ది. అమ్మకి ఇప్పుడే చెప్పు, తర్వాత చదువు.

ఎక్కువైన గుప్పెడు ఈదమ్మ తీసి నా చేతిలో పోసింది. "నడిచినోళ్ల రెండు గుప్పిళ్లు దొంగతనంగా తినేవి కాదు, మీవే. వచ్చే ఏడు నుంచి ఎదురుగా తినండి" అంది. రాసుకో, ఇదే అన్నిటికన్నా పెద్ద పాఠం. రెండు గుప్పిళ్లు మనవే. మూడోది తియ్యమాక.

తిరిగొచ్చేదానికి కొండకింద నుంచి అడివి చుట్టూ తిరిగిపోయే జారుబాట ఉంది, ఎక్కొచ్చు. నేను నడిచే వస్తానన్నా. మామ జారుబాట వంక చూసి, నా వంక చూసి, "మొదటి మజిలీ దాకా నేనూ వస్తాలే" అన్నాడు. ఇప్పుడు ఐదుగురం నడుస్తుండాం. పిన్ని అడుగుతానే ఉంది, మామిడికాయ ఎక్కడ దొరికిందో చూపించమని. నీ కాయ కోశా, సంచిలో ఉంది.

నా చొక్కా ఉతకొద్దని అమ్మకి గట్టిగా చెప్పు. మడిచి పైన అటక మీద పెట్టమను. వచ్చే ఏడు నీకు తక్కువ పడితే పనికొస్తది.